మంజీర తీరానికి ప్రణాళికకర్తలు కావాలి

2023 జనవరి 5న కామారెడ్డి కలెక్టరేట్ ముందు రైతులు పెద్ద సంఖ్యలో బైఠాయించారు. పట్టణ మాస్టర్‌ప్లాన్ ముసాయిదాలో తమ సాగు భూములు పారిశ్రామిక జోన్‌లోకి, గ్రీన్ జోన్‌లోకి, కొత్త రోడ్ల కిందికి పోయాయన్నది వారి ఆక్రోశం. అప్పటికే ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. మర్నాడు పట్టణం బంద్ పాటించింది. ఆ నెల మూడో వారంలో ముసాయిదాను రద్దు చేయాలని మున్సిపల్ కౌన్సిల్ తీర్మానించింది. అవే రోజుల్లో జగిత్యాలలోనూ ఇదే తంతు నడిచింది. అక్కడా ప్లాన్‌ను వెనక్కి తీసుకోక తప్పలేదు.

తర్వాత చర్చంతా ఎవరి భూములు పోయాయి, ఎవరివి తప్పించారు అన్నదాని చుట్టూ తిరిగింది. అడగాల్సిన ప్రశ్నే. దాంతోపాటు అడగాల్సింది మరొకటుంది. రెండు పంటలు పండే పొలం ఏది, బీడు ఏది, పెద్ద వాన పడితే నీళ్లు ఏ దారిన పోతాయి అన్నది తెలిసినవాళ్లు ఆ పటం తయారీలో ఎంతమంది ఉన్నారు? అలాంటి చదువు చదివి, అలాంటి కుర్చీలో కూర్చున్నవాళ్లు అసలు జిల్లాలో ఎందరు?

రెండున్నరేళ్ల తర్వాత, 2025 ఆగస్టు 27న, అదే జిల్లాను వరద ముంచెత్తింది. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. కామారెడ్డిలో కాలనీలు నీట మునిగాయి. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. 44వ నంబరు జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. అంత వానను ఏ పట్టణమైనా తట్టుకోవడం కష్టమే. అయితే నీళ్లు ముందుగా ఎవరి ఇళ్లలోకి వెళ్లాలో తేల్చేది వాన ఒక్కటే కాదు. వాగు ఒడ్డున లేఅవుటుకు సంతకం పెట్టిన రోజే అందులో సగం తేలిపోతుంది.

మాస్టర్‌ప్లాన్ గొడవలోనూ, వరదలోనూ కనబడిన లోటు ఒకటే. నేల, నీరు, చెట్టు, గాలి ఎంతవరకు తట్టుకోగలవో ముందే లెక్కగట్టి, ఊరు ఎటు పెరగాలో, రోడ్డు ఎటు పోవాలో, ఫ్యాక్టరీని, క్వారీని ఎక్కడ పెట్టొచ్చో, ఎక్కడ పెట్టకూడదో చెప్పే నిపుణులు మన దగ్గర లేరు. ఆ పనినే పర్యావరణ ప్రణాళిక అంటారు. ఇంటర్ పూర్తయిన పిల్లలకు మనం చెప్పే ఉద్యోగాల జాబితాలో ఇది ఉండదు. సర్కారు మంజూరు చేసే పోస్టుల జాబితాలోనూ దాదాపు ఉండదు. ఈ రెండు జాబితాలూ కలిసి మారితే తప్ప కామారెడ్డి అనుభవం మరో ఊళ్లో పునరావృతం కాక మానదు.

జుక్కల్ లెక్క వేరు

ప్లానింగ్ అనగానే మెట్రో, ఫ్లైఓవర్, హైదరాబాద్ గుర్తుకొస్తాయి. ఈ చదువు నగరాలకే పనికొస్తుందన్న అపోహ అక్కడినుంచే పుట్టింది. ఆ అపోహ పోవాలంటే అదే కామారెడ్డి జిల్లాలోని జుక్కల్ నియోజకవర్గాన్ని చూడాలి. మూడు రాష్ట్రాలు కలిసే మూల ఇది. మద్నూర్ దాటితే మహారాష్ట్రలోని దెగ్లూర్, జుక్కల్ దాటితే కర్ణాటకలోని ఔరాద్ తాలూకా. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ ఒకే సంతలో వినబడతాయి. నల్లరేగడిలో పత్తి, సోయా, కంది పండుతాయి. సంగారెడ్డి నుంచి పిట్లం, మద్నూర్ మీదుగా 161వ నంబరు జాతీయ రహదారి పోతోంది. రోడ్డు వెడల్పయిన ప్రతిచోటా వచ్చేవే ఇక్కడికీ వస్తాయి: దాబాలు, గోదాములు, వెంచర్లు. మున్సిపాలిటీగా మారిన బిచ్కుంద ఎటు పెరగాలన్నది రాబోయే రోజుల్లో తేలాల్సిన విషయం. కామారెడ్డిలో జరిగింది చూశాక, అక్కడ పటం ఎలా తయారవుతుందోనన్న ఆసక్తి, ఆందోళన రెండూ సహజం.

అయితే ఈ ప్రాంతపు అసలు కథ రోడ్డు వెంట కన్నా మంజీర వెంట ఎక్కువ నడుస్తుంది. నది వెంట పై నుంచి కిందికి వస్తే, ప్రణాళిక ఉండి ఉంటే ఏమయ్యేదో, లేక ఏమైందో వరసగా కనిపిస్తుంది.

మొదట పటాన్‌చెరు. 1970లలో అక్కడ పారిశ్రామికవాడ వచ్చింది. మందుల కంపెనీలు, రసాయన కర్మాగారాలు ఉద్యోగాలు తెచ్చాయి. వాటి వ్యర్థజలాలు ఎక్కడికి పోతాయన్న ప్రశ్నకు జవాబు స్థలం ఎంపిక నాడే దొరకాల్సింది. నీళ్లు వాలును బట్టి నక్కవాగులోకి, నక్కవాగు నుంచి మంజీరలోకి చేరాయి. పొలాలు, బావులు పాడైన రైతుల తరఫున 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లింది. తర్వాత శుద్ధి కేంద్రాలు వచ్చాయి, పైపులైన్లు వచ్చాయి, పరిహారాలు వచ్చాయి. అన్నీ జరగాల్సింది జరిగిపోయాక వచ్చినవే. వాలు ఎటుందో చూసి చోటు ఎంచుకుని ఉంటే ఆ ఖర్చులో, ఆ కన్నీళ్లలో ఎంతో తప్పేది.

తర్వాత నిజాంసాగర్. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ జలాశయాన్ని నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో కట్టారు. అప్పటి నిల్వ సామర్థ్యం 29.72 టీఎంసీలు. ఇప్పుడు లెక్కల్లో ఉన్నది 17.8 టీఎంసీలు. తేడా అంతా పూడిక మింగేసింది. పైన సింగూరు జలాశయం కట్టి హైదరాబాద్‌కు తాగునీరు మళ్లించాక వచ్చే నీరూ తగ్గింది. పూడిక మాట వచ్చినప్పుడల్లా తీయించాలంటారు. తీయించినా మళ్లీ వస్తుంది, ఎందుకంటే మట్టి జలాశయంలో పుట్టదు. ఎగువన చెట్టు కొట్టిన గుట్ట మీద, గట్టు లేని చెలకలో, ఒర్రె పక్కన దున్నిన నేలలో పుడుతుంది. ఏ మండలం నుంచి, ఏ వాగు నుంచి ఎక్కువ మట్టి వస్తోందో గుర్తించి అక్కడ ముందుగా చెక్‌డ్యాములు, కందకాలు, గడ్డి, చెట్లు వేయించడం ప్రణాళికకర్త పని. డ్యాము మీద నిలబడి చేసే పని కాదది, పరీవాహకమంతా తిరిగి చేయాల్సిన పని.

మూడోది లెండి. మహారాష్ట్రలోని ముఖేడ్ తాలూకా గోనేగావ్ దగ్గర లెండి నది మీద రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. దాని నీటి కోసం మద్నూర్, బిచ్కుంద రైతులు ఎదురుచూస్తూనే ఉన్నారు. అంతర్రాష్ట్ర ఒప్పందాలు, నిధులు, పునరావాసం ఇందులో కలగలిసి ఉన్నాయి. ఎగువ ముంపు గ్రామాల బాధ, దిగువ ఆయకట్టు ఆశ ఒకే బల్ల మీద పెట్టి మాట్లాడటానికి నీటి లెక్కలూ తెలియాలి, మరాఠీ కూడా రావాలి. ఆ రెండూ ఉన్న పిల్లలు జుక్కల్ ఊళ్లలోనే దొరుకుతారు. ఏ ఢిల్లీ కన్సల్టెన్సీకీ దొరకని అర్హత అది.

ఒక ఇసుక రీచ్, రెండు కొలతలు

నాలుగోది ఇసుక. నిజాంసాగర్ దాటాక బీర్కూర్, బిచ్కుంద, డోంగ్లీ మండలాల పొడవునా మంజీర తెచ్చి పోసే ఇసుకకు హైదరాబాద్ దాకా గిరాకీ ఉంది. రీచ్, క్వారీ, వే బిల్లు, టిప్పర్ అన్న మాటలు ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. పట్టా భూముల్లో ఇసుక మేటలు తొలగిస్తామని అనుమతి తీసుకుని నదిలో తవ్వుతున్నారన్న ఫిర్యాదులూ పాతవే. గొడవ జరిగినప్పుడల్లా రెవెన్యూ, మైనింగ్, పోలీసు అధికారులు వస్తారు, లారీలు పట్టుకుంటారు, జరిమానా వేస్తారు. ఇవన్నీ దొంగతనాన్ని ఆపే పనులు. ఎంత తవ్వితే నది బతుకుతుందన్న ప్రశ్నకు జవాబు వీటిలో లేదు.

ఆ జవాబు ఎలా వస్తుందో చూద్దాం. వానాకాలానికి ముందు నదికి అడ్డంగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా, కొన్ని గీతలు నిర్ణయిస్తారు. ఒక్కో గీత మీద ఇన్ని మీటర్లకొకచోట నది అడుగు ఎంత ఎత్తులో ఉందో డీజీపీఎస్‌తోనో, డ్రోన్‌తోనో నమోదు చేస్తారు. వరద పోయాక అవే గీతల మీద, అవే చోట్ల మళ్లీ కొలుస్తారు. రెండు కొలతలకూ మధ్య తేడాయే ఆ ఏడాది నది కొత్తగా తెచ్చిన ఇసుక. తవ్వకం దానికి లోబడి జరగాలి. దాంతోపాటు ఒడ్డునున్న బావుల్లో, బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తవ్వకానికి ముందూ తర్వాతా చూడాలి. వంతెన పిల్లరు ఎంత దూరం, తాగునీటి బావి ఎంత దూరం, ఎడ్ల బండ్లు దిగే రేవు ఎక్కడ, పశువులు నీళ్లు తాగే మడుగు ఎక్కడ అన్నది పటంలో పెట్టాలి. తవ్విన గుంతలో నీళ్లు ఊరుతున్నాయంటే భూగర్భజలాన్ని తాకేశామని అర్థం.

ఇదేమీ ఆదర్శం కోసం చెబుతున్న మాట కాదు, చట్టం చెబుతున్నదే. చిన్న ఖనిజాల తవ్వకానికి, అయిదు హెక్టార్లలోపు అయినా సరే, పర్యావరణ అనుమతి ఉండాలని దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 27న చెప్పింది. 2016లో కేంద్రం ఇసుక తవ్వకానికి మార్గదర్శకాలు తెచ్చి, జిల్లా సర్వే నివేదికను తప్పనిసరి చేసింది. 2020లో పర్యవేక్షణ కోసం మరికొన్ని నిబంధనలు వచ్చాయి. ఇసుక తిరిగి ఎంత చేరుతోందన్న అధ్యయనం లేని సర్వే నివేదిక చెల్లదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు మరోసారి తేల్చింది. అంటే ఇసుక దొరికే ప్రతి జిల్లాలోనూ ఈ కొలతలు తీసేవాళ్లు కావాలి, తీసిన కొలతలను తప్పో ఒప్పో చెప్పగలవాళ్లూ కావాలి. మొదటి రకం వాళ్లు కన్సల్టెన్సీల్లో ఉంటారు. రెండో రకం వాళ్లు ప్రభుత్వంలో, పంచాయతీల్లో ఉండాలి. ఆ కుర్చీలే ఖాళీ.

రాజ్యాంగం అడిగిన కుర్చీ

ఖాళీ అనడం కూడా పూర్తిగా సరైంది కాదేమో, అసలు కుర్చీయే వేయలేదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 243 జెడ్‌డీ అధికరణం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళికా కమిటీ ఉండాలంటుంది. పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ ఉమ్మడిగా సంబంధించిన విషయాలు, అంటే భూమి వినియోగం, నీటి పంపకం, ప్రకృతి వనరులు, పర్యావరణ పరిరక్షణ, ఇవన్నీ చూసి ఆ కమిటీ జిల్లాకు ముసాయిదా ప్రణాళిక తయారుచేయాలి. మూడు దశాబ్దాలు దాటినా ఆ కమిటీ పేరు పల్లెల్లో విన్నవాళ్లు అరుదు. ప్రతి జిల్లాకూ పర్యావరణ ప్రణాళిక ఉండాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2018 నాటి కేసులో ఆదేశించింది. చెత్త, మురుగునీరు, నదుల నాణ్యత, గాలి, గనులు, శబ్దం, ఇలా అంశాలవారీగా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నమూనా ఇచ్చింది. జిల్లా యంత్రాంగాలు వాటిని నింపి పంపాయి. కానీ ఏ అధికారి నింపినా అది ఆయనకు అదనపు బాధ్యతే. అదనపు బాధ్యతగా చేసిన పనికి ఎంత శ్రద్ధ దక్కుతుందో ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఊరి స్థాయిలోనూ ఇంతే. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ప్రతి ఏటా తయారవుతుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం హరిత ప్రణాళిక అడిగింది, బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి పెట్టమంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ అడిగింది. చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ 2015 మార్చి 12న మొదలైంది కూడా ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని సదాశివనగర్ చెరువు దగ్గరే. పథకాలకు, చట్టాలకు లోటు లేదు. ఇవన్నీ ఒకే ఊరి నేల గురించే మాట్లాడుతున్నాయి, ఒకదానికొకటి తెలియకుండా మాట్లాడుతున్నాయి. చెరువు పూడిక తీసిన ఏడాదే దాని కాలువ మీద రోడ్డు పడుతుంది. మొక్కలు నాటిన చోటే మరుసటి ఏడు లేఅవుటు వెలుస్తుంది. వీటిని ఒక పటం మీదికి తెచ్చే మనిషి ఉంటే డబ్బు కొత్తగా అక్కర్లేదు, ఉన్నదే పనికొస్తుంది.

ఇది జుక్కల్ ఒక్కదాని లోటు కాదని నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. పట్టణ ప్రణాళికా సామర్థ్యంపై 2021 సెప్టెంబరులో ఇచ్చిన ఆ నివేదిక ప్రకారం దేశంలోని 7,933 పట్టణాల్లో 65 శాతానికి మాస్టర్‌ప్లాన్ లేదు. రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖల్లో 12 వేలకు పైగా ప్లానర్ పోస్టులు కావాల్సి ఉంటే, మంజూరైనవి నాలుగు వేల లోపు, వాటిలోనూ 42 శాతం ఖాళీ. ఇంకా విడ్డూరం ఏమంటే, చాలా రాష్ట్రాల్లో ఆ ఉద్యోగాలకు ప్లానింగ్ డిగ్రీ తప్పనిసరి అర్హతే కాదు. పట్టణాల సంగతే ఇలా ఉంటే పల్లెల్లో పర్యావరణ ప్రణాళిక గురించి ఎవరిని అడగాలి?

చదువుకు దారులు

ఇప్పుడు విద్యార్థి వైపు నుంచి చూద్దాం. ఈ చదువు దూరంగా ఉందనుకోవడం సమాచారం లేకపోవడమే. తెలంగాణ ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లోనే, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బీటెక్ ప్లానింగ్ బ్రాంచి ఉంది. కంప్యూటర్ సైన్స్ సీట్ల కోసం ఆప్షన్లు నింపే హడావుడిలో దాని మీద చూపు పడదు. విజయవాడలో 2008లో ఏర్పడిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో బీప్లానింగ్ ఉంది, పర్యావరణ ప్రణాళికలోనే పీజీ ఉంది. ఢిల్లీ, భోపాల్ స్కూళ్లలోనూ పర్యావరణ ప్రణాళిక పీజీ ఉంది. బీప్లానింగ్‌కు జేఈఈ మెయిన్‌లో విడిగా పేపర్ 2బి రాయాలి. ఇంటర్‌లో గణితం ఉంటే చాలు, కాబట్టి ఎంపీసీ వాళ్లకే పరిమితం కాదు. జేఈఈ మెయిన్‌ను ఇప్పుడు తెలుగులోనూ రాయొచ్చు.

డిగ్రీ అయిపోయినవాళ్లకూ తలుపు మూసుకుపోలేదు. పీజీలో చేరేవాళ్లలో సివిల్ ఇంజినీర్లు, ఆర్కిటెక్టులతో పాటు భూగోళశాస్త్రం, ఆర్థికశాస్త్రం, సామాజికశాస్త్రం చదివినవాళ్లూ ఉంటారు. గేట్‌లో ఆర్కిటెక్చర్, ప్లానింగ్ పేపర్‌తో పాటు 2021 నుంచి పర్యావరణ శాస్త్ర, ఇంజినీరింగ్ పేపర్ కూడా వచ్చింది. హైదరాబాద్‌లోని పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధన సంస్థ (ఈపీటీఆర్‌ఐ) ఈ అంశాల మీద శిక్షణ ఇస్తుంది. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉన్నదీ హైదరాబాద్‌లోనే. ఇస్రో తయారుచేసిన భువన్ పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రాలు ఎవరైనా చూడొచ్చు. పటాలు గీసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం.

డబ్బు, సీటు దొరికేదాకా ఆగకుండా మొదలుపెట్టే పని ఒకటుంది. తహసీల్ ఆఫీసు నుంచి ఊరి నక్ష తీసుకోండి. నిజాం కాలపు సర్వేలో గీసిన ఆ పటంలో కుంటలు, వాగులు, ఒర్రెలు, బండ్ల బాటలు, పశువులు మేసే గైరాన్ భూములు గుర్తించి ఉంటాయి. దాన్ని భువన్‌లోని నేటి చిత్రం పక్కన పెట్టండి. ఏ కుంట శిఖంలో ఇళ్లు వచ్చాయి, ఏ ఒర్రె పూడిపోయింది, ఏ గైరాన్ పొలమైంది అన్నవి ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఆ తర్వాత ఊళ్లో పెద్దమనుషుల్ని అడిగి, పెద్ద వాన పడ్డ ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గీత గీయండి. ఈ మూడు పొరలు కలిస్తే అదొక పర్యావరణ పటం. 1969లో ఇయాన్ మెక్‌హార్గ్ అమెరికాలో పుస్తకం రాసి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి కూడా సారాంశంలో ఇదే: నేల, నీరు, వాలు, అడవి ఒక్కొక్కదాన్నీ ఒక పొరగా గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎక్కడ కట్టొచ్చో చూడటం. అంతకు అర్ధ శతాబ్దం ముందే భారతదేశంలో డజన్ల కొద్దీ ఊళ్లు తిరిగి నివేదికలు రాసిన పాట్రిక్ గెడ్డెస్ ప్లాన్ గీసేముందు సర్వే చేయాలని పట్టుబట్టాడు. రోగిని చూడకుండా మందు రాసే వైద్యుడిని మనం నమ్మం, ఊరు చూడకుండా గీసిన పటాన్ని మాత్రం ఆమోదిస్తున్నాం.

ఉద్యోగం సంగతి

పిల్లలకు నిజం చెప్పాలి. ఈ రంగంలో మొదటి ఏళ్ల జీతం సాఫ్ట్‌వేర్‌తో పోటీపడదు. ప్రభుత్వ నోటిఫికేషన్లు తరచుగా రావు. టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ పోస్టులు 175 భర్తీ చేస్తామని 2022లో టీఎస్‌పీఎస్సీ ప్రకటించింది. 2023 మార్చిలో జరగాల్సిన ఆ పరీక్ష పేపర్ లీకేజీ వ్యవహారంలో వాయిదా పడి, ఏళ్ల తరబడి చదివినవాళ్లను కుంగదీసింది. వచ్చిన ఉద్యోగాల్లోనూ పని చాలావరకు భవన అనుమతుల చుట్టూ తిరుగుతుంది.

ఎక్కువ ఉద్యోగాలు కన్సల్టెన్సీల్లో ఉన్నాయి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కిందికి వచ్చే ప్రాజెక్టులకు నివేదికలు గుర్తింపు పొందిన సంస్థలే తయారుచేయాలి. జాతీయ అక్రెడిటేషన్ బోర్డు నాబెట్ ఇచ్చే ఆ గుర్తింపు కోసం భూవినియోగం, జలశాస్త్రం, జీవవైవిధ్యం, సామాజిక ఆర్థిక పరిస్థితులు వంటి రంగాలకు విడివిడిగా నిపుణులు ఉండాలి. కాబట్టి గిరాకీ ఉంది. చిక్కు వేరేచోట ఉంది. నివేదిక రాసే సంస్థకు డబ్బిచ్చేది అనుమతి కోరే కంపెనీయే. వద్దని రాస్తే మరుసటి పని రాదన్న భయం ఉంటుంది. ఒక జిల్లా నివేదికలో మరో జిల్లా చెట్ల పేర్లు కనిపించాయన్న విమర్శలు అందుకే వస్తాయి. ఈ వృత్తిలోకి వెళ్లేవాళ్లు చదువుతో పాటు వెన్నెముకనూ సిద్ధం చేసుకోవాలి.

ప్రజల వైపు నిలబడే పని కూడా ఇందులోనే ఉంది. పెద్ద ప్రాజెక్టులకు కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతుంది. కలెక్టరో, ఆయన తరఫున అదనపు మేజిస్ట్రేట్ స్థాయి అధికారో అధ్యక్షత వహిస్తారు. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. సభలో వచ్చిన అభ్యంతరాలను చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఇంత చెప్పినా సభలో రైతు లేచి అడిగేది సాధారణంగా పరిహారం గురించి, ఉద్యోగం గురించి. నివేదికలోని వరద లెక్క తప్పని, బోరు లోతు అంకె తప్పని అడగాలంటే దాన్ని ముందే చదివి చెప్పేవాళ్లు కావాలి. ప్రతి మండలానికీ అలాంటి ఒకరిద్దరు ఉంటే సభల తీరే మారుతుంది.

మన పక్కనే మహారాష్ట్రలో హివరే బజార్ అనే ఊరుంది. అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) జిల్లాలోని ఆ కరవు గ్రామం పోపట్‌రావు పవార్ సర్పంచ్ అయ్యాక ఏటా నీటి బడ్జెట్ వేసుకోవడం నేర్చుకుంది. కురిసిన వానను బట్టి ఏ పంట వేయాలో, ఏది వేయకూడదో గ్రామసభలో తేల్చుకుంటుంది. నీటి లెక్క తీసేవాళ్లు, దాన్ని ఊరికి అర్థమయ్యేలా చెప్పేవాళ్లు, విన్నాక కట్టుబడే గ్రామసభ, ఈ మూడూ కుదిరాయి కాబట్టే అది సాధ్యమైంది. సర్పంచ్ పట్టుదల ఒక్కదానితోనే ఊళ్లన్నీ మారవు. ప్రతి ఊరికీ పోపట్‌రావు దొరకడు. లెక్క తీసే నిపుణుణ్ని మాత్రం ప్రభుత్వం నియమించగలదు.

చేయాల్సినవి

ప్రభుత్వం ముందున్న పనులు పెద్దవేమీ కావు. జిల్లా ప్రణాళికా కమిటీలను కాగితాల మీద నుంచి లేపి, ప్రతి జిల్లాలో ప్లానింగ్ చదివిన ఒక పర్యావరణ ప్లానర్‌ను ఆ కమిటీకి నియమించాలి. జిల్లా పర్యావరణ ప్రణాళిక, ఇసుక సర్వే నివేదిక, మాస్టర్‌ప్లాన్లలోని భూవినియోగం ఆ ఒక్క బల్ల మీదుగా వెళ్లాలి. మాస్టర్‌ప్లాన్ ముసాయిదా గీయడానికి ముందే పట్టణంలో విలీనమైన గ్రామాల్లో సభలు పెట్టి, పంట భూములనూ వరద దారులనూ గుర్తించాలి. అభ్యంతరాలు గీసిన తర్వాత వినే పద్ధతి కామారెడ్డికి ఎంత ఖరీదైందో చూశాం. తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం భిక్కనూరులోనే ఉంది. నిజాంసాగర్ పూడిక, జుక్కల్‌లోని కౌలాస్ నాలా పరీవాహకం, మంజీర ఇసుక మీద క్షేత్ర అధ్యయనాలను అక్కడి విద్యార్థులకు జిల్లా యంత్రాంగం అప్పగించవచ్చు. అభ్యర్థులను ఎంపిక చేసేటప్పుడు సరిహద్దు జిల్లాల్లో స్థానిక భాషలు తెలిసినవాళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలి.

జూనియర్ కాలేజీల లెక్చరర్లు, ఊళ్లలో చదువుకున్నవాళ్లు చేయాల్సింది ఇంకా తేలిక. ఈసారి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు వెళ్లే పిల్లలకు ప్లానింగ్ బ్రాంచి పేరు చెప్పండి. జేఈఈ ఫారం నింపేటప్పుడు పేపర్ 2బి అనే గడి ఉందని చూపించండి. ఇసుక లారీలను ఆపేవాళ్లు, ధర్నాల్లో కూర్చునేవాళ్లు మనకు ఉన్నారు. పటం విప్పి, ఇక్కడ కట్టకూడదని అంకెలతో సహా రాసి సంతకం పెట్టేవాళ్లు కావాలి. వాళ్లకో పోస్టు ఇవ్వడానికి రాజ్యాంగ సవరణ అవసరం లేదు, అది 1992లోనే జరిగింది. ఇప్పుడు ఒక జీవో చాలు.